తౌడమ్మ వాటా

ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా తాతకి తాత మొలతాడు కూడా కట్టని నాటి మాట. అప్పుడు పెదనీటికి గట్లు లేవు, దాని మీద పెత్తనం చేసేవాళ్ళూ లేరు. నీరుండేది, నీటి చుట్టూ జమ్ముండేది, ఆ జమ్ము పక్కన జమ్ముపేట ఉండేది. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. పనులున్నవాళ్ళు ఇప్పుడే లేచి పొండి. ఇది నడుమలో లేచిపోయే కథ కాదు.

పెదనీరంటే చెరువూ కాదు, సముద్రమూ కాదు. పోటు వస్తే ఉప్పన, వాన వస్తే చప్పన. చాలా చోట్ల మనిషి రొమ్ము దాకానే లోతు. చలి తిరగ్గానే ఉత్తరాన్నుంచి బాతులు వచ్చేవి. ఒక గుంపు కాదు, రెండు గుంపులు కాదు, ఆకాశం నల్లబడేలా వచ్చేవి. జమ్ముపేటకి పొలం లేదు, పశువు లేదు. ఆ బాతుల్ని పట్టి, మెట్ట ఊళ్ళకి మోసుకుపోయి ధాన్యం మార్చుకుంటేనే ఏడాదికి గింజలు. బాతు పడితే బువ్వ, పడకపోతే పస్తు. అంతే వాళ్ళ బతుకు.

బాతుల్ని ఎలా పట్టేవారో చెప్తాను, లేకపోతే మీకు కథ అందదు. మూడు కావాలి. దీమం కావాలి, కూత కావాలి, వల కావాలి.

దీమమంటే ఉత్తుత్తి బాతు. జీలుగు బెండుని బాతులా చెక్కి, తలకి ఆముదంలో కలిపిన మసి పూసి, రొమ్ముకి సున్నం పూసి, కింద రాయి కట్టి నీటి మీద వదిలేవారు. గాలి ఎటు నుంచి వస్తే దాని మూతి అటే ఉండాలి. బాతు గాలికి ఎదురుగానే కూర్చుంటుంది మరి. ఒక్క దీమం వెనక్కి తిరిగి ఉన్నా సరే, పైన పోయే గుంపు కిందికి చూసి, ఏదో తేడాగా ఉందని పోనే పోతుంది.

కూతంటే బాతు మాట. దీమాల నడుమ ఒక మనిషి మెడ దాకా నీట్లో కూర్చుని, నెత్తి మీద ఒక బెండు బాతుని పెట్టుకుని, పైన పోయే గుంపుని పిలవాలి. రండి, ఇక్కడ మేతుంది, ఇక్కడ భయం లేదు అని పిలవాలి. అబద్ధమే. ఏం చేస్తాం, కడుపుందిగా.

ఇక వల. దీమాలకి రెండు పక్కలా నీటి అడుగున పరిచి ఉంటుంది. తాడు దూరంగా జమ్ములో దాగిన వాళ్ళ చేతుల్లో ఉంటుంది. బాతులు దిగాయనుకోండి, కూత వేసేవాడు చప్పుడు లేకుండా మునుగుతాడు. నీటి లోపలే వల దాటుతాడు. అవతల పాతిన గెడ దగ్గర తేలి "లాగండ్రా!" అని కేకేస్తాడు. మనిషి గొంతు వినగానే బాతు ఎగరదు. ముందు మెడెత్తి చూస్తుంది. ఆ చూసే లోపలే రెండు పక్కల నుంచీ వల మీద పడిపోవాలి. కూత వేసేవాడు వల దాటాకే కేక, కేక పడ్డాకే తాడు. అది పద్ధతి.

మూడు దినాలు వేట. మూడు దినాలయ్యాక పంపకం. పట్టిన బాతుల్ని కాళ్ళు కట్టి గంపల్లో ఉంచేవారు. నీట దిగిన ప్రతి మనిషీ ఒడ్డున నిలబడి, నీటి వైపు తిరిగి, గట్టిగా తన పేరు తాను చెప్పాలి. చెప్పి వాటా తీసుకోవాలి. ఆడా మగా తేడా లేదు. నీట దిగావా, పేరు చెప్పు, వాటా పట్టుకుపో. పేరు చెప్పకుండా తీసుకుంటే అది దొంగసొత్తు కింద లెక్క. నీళ్ళతల్లి ఊరుకోదు, మరుసటేడు ఆ మనిషిని తనలోకి లాక్కుంటుందని వాళ్ళ భయం.

పేటకి పెద్ద అసిరయ్య. మంచివాడు. మొండివాడు కూడా. ఒకేడు సొంత కొడుక్కి జలుబు చేసి గొంతు పోతే, వాడి వాటా వాడికివ్వలేదు. గొంతు వచ్చేదాకా నాలుగు దినాలు ఆ గంప పక్కనే కూర్చుని బాతులకి మేతేసి కాపలా కాశాడు. అయిదో నాడు వాడు బొంగురు గొంతుతో పేరు చెప్తే అప్పుడిచ్చాడు. పేటంతా నవ్వింది. అసిరయ్య నవ్వలేదు.

ఆ అసిరయ్యకి ఒక అక్క, పారమ్మ. పారమ్మ మొగుడు దాలయ్య. పేటలో కూత వేసేవాడు దాలయ్యే. వాళ్ళకి ముగ్గురు పిల్లలు పుట్టి పుట్టి పోయారు. నాలుగోది ఆడపిల్ల. పుట్టగానే దాన్ని పొరుగింటామె ఒళ్ళో పెట్టి, చేటెడు తౌడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. అలా కొనుక్కుంటే యముడి చూపు పడదని. అందుకే దాని పేరు తౌడమ్మ.

తౌడమ్మ బతికింది. కానీ మాట రాలేదు. వినపడేది, అన్నీ తెలిసేవి, నవ్వేది, అలిగేది. నోరు తెరిస్తే మాత్రం అమ్మా అన్న మాటయినా వచ్చేది కాదు. పారమ్మ మొక్కని దేవత లేదు. మూడు తీర్థాల్లో మునిగింది. నాలిక మీద వస కొమ్ము అరగదీసి పెట్టింది. ఏమీ కాలేదు. పదేళ్ళు వచ్చేసరికి తౌడమ్మ తండ్రి వెనకే నీట దిగేది. బెండు చెక్కేది, మసి పూసేది, తండ్రి పక్కనే మెడ దాకా నీట్లో కూర్చునేది. దాలయ్య పేరు దాలయ్య చెప్పుకుని వాటా తెచ్చేవాడు. ఇంటికి అది చాలేది. పిల్లకి వాటా లేదేమని ఎవరూ అడగలేదు.

తౌడమ్మకి ఇరవయ్యేళ్ళప్పుడు దాలయ్య పోయాడు. పారమ్మకి కాళ్ళు పట్టేశాయి, నీట దిగలేదు. ఇప్పుడా ఇంట్లో నీట దిగే మనిషి తౌడమ్మ ఒక్కతే.

మొదటేడు. తౌడమ్మ మూడు దినాలు దిగింది. దీమాలు పరిచింది, వల మోసింది. కూత లేదు కాబట్టి ఏవో దారి తప్పిన నాలుగు బాతులు పడ్డాయి. పంపకం నాడు వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది.

"పేరు సెప్పమ్మా," అన్నాడు అసిరయ్య.

తౌడమ్మ నీటి వైపు తిరిగింది. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట రాలేదు.

పక్కనున్న ఎండయ్యకి జాలేసింది. ఎండయ్యంటే వల తాడు పట్టే కుర్రవాళ్ళలో గట్టివాడు. "ఆ గుంటకి మాటేటుంది మావా? మనమే పిలుద్దాం. తౌడమ్మని మనకి తెల్దా?"

"ఎవుల పేరు ఆలే సెప్పాల," అన్నాడు అసిరయ్య. "నానెట్టిన కట్టు కాదిది. పేరు సెప్పకుండా పట్టుకెల్తే, రేపు నీల్లు దాన్ని మింగీసినాయంటే ఎవుడు జవాబు? నాకది మేనకోడలు. నాకు లేదేట్రా బాధ?"

బాధ ఉంది, అది నిజమే. పంపకం అయ్యాక తన వాటాలోంచి రెండు బాతులు తీసి పెళ్ళాం చేత అక్కగారింటికి పంపించాడు. తౌడమ్మ ఆ రెంటినీ తెచ్చి మేనమావ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ముష్టి వద్దు, వాటా కావాలి. నోరు లేకపోయినా ఆ మాట అందరికీ అర్థమైంది. అసిరయ్యకి ఆ పూట అన్నం సహించలేదు.

రెండో ఏడు. మళ్ళీ మూడు దినాలు దిగింది. మళ్ళీ వరసలో నిలబడింది. మళ్ళీ తన వంతు వచ్చింది.

"పేరు సెప్పమ్మా."

ఈసారి తౌడమ్మ గొంతెత్తి కూత వేసింది. మనిషి కూత కాదు, బాతు కూత. అంతే! గంపల్లో కాళ్ళు కట్టి పడున్న బాతులన్నీ ఒక్కసారి మెడలెత్తి బదులు పలికాయి. ఎవరో ముసలామె "ఓలమ్మో" అని గుండె మీద చెయ్యేసుకుంది.

అసిరయ్యకీ ఒళ్ళు ఝల్లుమంది. కానీ చూశారూ, మొండితనం అంత తొందరగా పోదు. "అది బాతు మాటమ్మా," అన్నాడు మెల్లిగా. "నీ పేరు కాదు."

తౌడమ్మ ఖాళీ చేతుల్తో ఇంటికి పోయింది.

మూడో ఏడు. ఆ ఏడు బాతులు రావడమైతే వచ్చాయి. దిగలేదు. దాలయ్య పోయాక కూత వేసేవాడు లేడు. ఉన్నవాళ్ళలో తలా ఒకరు ప్రయత్నం చేశారు. అసిరయ్య కూడా నెత్తి మీద బెండు బాతు పెట్టుకుని దిగి కూత వేశాడు. పైన పోతున్న గుంపు ఆ కూత విని చెదిరి రెండుగా పోయింది. చలిలో వణుకుతూ ఒడ్డుకొచ్చి, "నవ్వండర్రా, నవ్వండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పేటంతా అప్పటికే తుంగగడ్డలు ఉడకబెట్టుకు తింటున్నారు. పసిపిల్లల తల్లులకి పాలు ఎండిపోయాయి. ఇంకో పది దినాలు పోతే గుంపులు దక్షిణానికి సాగిపోతాయి. అప్పుడు ఇక ఏడాదంతా గడ్డలే.

అసిరయ్య అక్కగారింటికి నడిచాడు. తౌడమ్మ గుమ్మంలో కూర్చుని బెండు చెక్కుతోంది. పారమ్మ గోడకి ఆనుకుని ఉంది.

"అప్పా," అన్నాడు. "నిరుడు ఆ కూత ఎక్కడ నేర్సినాది ఈ గుంట?"

పారమ్మ నవ్వింది. అది సంతోషం నవ్వు కాదు. "మీ బావ కూతనుకున్నావేటి అన్నేళ్ళూ? ఆడు పోయేనాటికే ఆడి గొంతులో బాతు కూత పలకడం మానీసి ఆరేళ్ళు. నీట్లో కూకుని కూత ఏసింది ఇది. గెడ కాడ తేలి కేకేసినోడు ఆడు. ఆరేళ్ళు దీని కూత తిన్నారు మీరందరూ. ఒక్కడికీ తెల్నేదు. గెడ కాడ కేకేసే ఆడు పోయాక ఇది కూత మానీసినాది."

అసిరయ్యకి తల కొట్టేసినట్టయింది. తర్వాత తౌడమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, రా. కూత ఎయ్యి. పేట సచ్చిపోతంది."

తౌడమ్మ కత్తి కింద పెట్టింది. మేనమావ చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యినే అతని నోటి మీద పెట్టింది. తర్వాత నీటి వైపు చూపించింది. నా పేరు నువ్వు పిలువు, అని.

రెండేళ్ళు సడలని కట్టు ఆకలేసేసరికి సడలింది. ఆ సంగతి అసిరయ్యకి తెలుసు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "పిలుస్తానమ్మా," అన్నాడు. "వల మీద ఒట్టు. పంపకం నాడు అందరికన్నా ముందు నీ పేరే నానే పిలుస్తాను. తప్పయితే నీల్లు నన్ను తిననీ."

తౌడమ్మ మొహం అప్పుడు చూడాలి మీరు. పారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కానీ ఒక చిక్కుంది. కూత వేశాక, బాతులు దిగాక, వల దాటాక కేకెయ్యాలి కదా? తౌడమ్మకి కేక లేదు. బాతుల్ని బెదరగొట్టే కూత వేస్తే చూడకుండానే లేచిపోతాయి. నీటిని కొడితే లేచిపోతాయి. "ఒక పురికోస దాని సేతికి కడదాం, దాటగానే లాగుతాది" అన్నాడు ఎండయ్య. పురికోస వల కంతల్లో చిక్కుకుంటే వల ముడిపడుతుందని అసిరయ్య వద్దన్నాడు. ఆలోచించి ఆలోచించి ఒక గుర్తు పెట్టాడు. జంట తప్పిన బాతు ఒకలా పలుకుతుంది. సన్నగా, సాగదీసి పలుకుతుంది. గుంపులో ఉన్న బాతు అలా పలకదు. "గెడ కాడికి సేరి ఆ కూత మూడుసార్లు ఎయ్యి. మూడూ ఇంటే లాగుతాం." తౌడమ్మ తలూపింది.

మొదటి దినం. తౌడమ్మ నీట్లో కూర్చుని కూత వేసింది. మూడేళ్ళుగా గుంపుగా దిగని బాతులు తిరిగి తిరిగి, కాళ్ళు చాపి, దీమాల మధ్య దిగాయి. జమ్ములో తాడు పట్టుకున్న అసిరయ్య చెవులు రిక్కించాడు. గెడ వైపు నుంచి సన్నటి కూత, ఒకటి, రెండు, మూడు. లాగారు. వల నిండింది. గెడ దగ్గర తౌడమ్మ తల తేలి ఉంది, నవ్వుతోంది.

రెండో దినం. మళ్ళీ కూత, మళ్ళీ గుంపు, మళ్ళీ మూడు. ఇంకా ఎక్కువ పడ్డాయి. గంపలు చాలక తట్టలు బోర్లించి దాచారు. ఆ సాయంత్రం తౌడమ్మ మేనమావ ఎదురుగా వచ్చి నిలబడి, అతని నోటి వైపు వేలు చూపించింది.

"ఇంకొక్క దినమే అమ్మా," అని నవ్వాడు అసిరయ్య. "రేపు పంపకంలో పిలుస్తాను. ఎలా పిలుస్తానో సూడు. అవతలొడ్డుకి ఇనపడాల."

మూడో దినం. పొద్దున్నే పొగమంచు. చాచిన చెయ్యి కనపడదు.

"మంచు ఇడిసేక దిగుదాం మావా," అన్నాడు ఎండయ్య.

అసిరయ్య పైకి చూశాడు. కనపడలేదు గానీ రెక్కల చప్పుడు వినపడుతోంది, నెత్తి మీదే. "మంచులో బాతు కిందగా ఎగురుతాదిరా. ఇంతకన్నా అదనేటుంటాది? ఈ ఒక్క దినం పడితే వానలదాకా గింజలకి లోటుండదు." చెడ్డ ఆలోచన కాదది. పేటకి పెద్దయినవాడు చేసే ఆలోచనే. అదే మరి, నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోయేది.

తౌడమ్మ దిగింది. మంచులోకి నడుచుకుంటూ పోయింది, కనపడలేదు. కాసేపటికి కూత వినపడింది. బాతులు బదులిచ్చాయి. దబదబా దిగుతున్న చప్పుడు. చాలా పెద్ద గుంపు. కూత ఆగింది. అంటే తౌడమ్మ మునిగిందన్నమాట. అసిరయ్య తాడు బిగించి పట్టుకున్నాడు.

సన్నగా, సాగదీసి, ఒకటి.

అసిరయ్యకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. గెడ కుడి పక్కన కదా, ఇది ఎడమ పక్క నుంచి వచ్చినట్టుందేం? మంచులో చప్పుడు ఎటు నుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు, అనుకున్నాడు.

రెండు.

మూడు.

"లాగండ్రా!" అన్నాడు.

వల లేచింది. రెండు పక్కల నుంచీ వచ్చి నీటి మీద పడింది. రాళ్ళు కట్టిన అంచులు అడుక్కి దిగాయి. లోపల వందల బాతులు గోల గోలగా అరుస్తూ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆ బరువుకి తాడు పట్టిన ముగ్గురి కాళ్ళూ బురదలో దిగబడ్డాయి. "ఎంత బరువుందిరా!" అని సంబరంగా అరిచారు. అసిరయ్య కూడా అరిచాడు.

ఆ గోలలోంచి ఒక కూత. సన్నగా, సాగదీసి.

"ఆ జంట తప్పిన బాతు కూడా పడినట్టుంది మావా," అన్నాడు ఎండయ్య.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. తర్వాత ఇంకొకటి, సగంలో ఆగిపోయింది.

అసిరయ్య చేతుల్లో తాడు జారింది. అతనికి అప్పుడు తెలిసింది. వినండి, ఏం జరిగిందో. ఆ గుంపులో నిజంగానే జంట తప్పిన బాతు ఒకటుంది. దారిలో ఎక్కడ పోగొట్టుకుందో దాని జంటని, దిగగానే పిలిచింది, మూడుసార్లు పిలిచింది. తౌడమ్మ ఇంకా వల దాటలేదు. దాని కూతకీ తౌడమ్మ కూతకీ తేడా కనిపెట్టే చెవి ఆ పేటలో ఒక్కరికే ఉండేది. ఆ ఒక్కరూ వల కింద ఉన్నారు. నేనిక్కడ ఉన్నాను, ఆగండి అని చెప్పడానికి ఆమెకి వేరే మాట లేదు. ఉన్న ఆ ఒక్క కూతే వేసింది. విన్నవాళ్ళు బాతనుకున్నారు.

"తౌడా! తౌడా!" అని అరుస్తూ అసిరయ్య నీటికడ్డం పడి పరిగెత్తాడు. కత్తితో వల కోశాడు. రెక్కలు మొహాన్ని కొడుతుంటే లోపలికి చేతులు పెట్టి వెతికాడు. బాతులన్నీ కోసిన చోటు నుంచి లేచి మంచులోకి పోయాయి. ఒక్కటి మిగల్లేదు. వల అడుగున తౌడమ్మ దొరికింది. మూడు కంతల్లో మూడు వేళ్ళు చిక్కుకుని ఉన్నాయి.

భుజాన వేసుకుని తెచ్చి పారమ్మ ముందు పడుకోబెట్టాడు. పారమ్మ కూతురి మొహం తుడిచింది, జుట్టులో నాచు తీసింది. ఎండయ్యే ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు.

నీటి ఒడ్డునే పాతిపెట్టారు. మూడు దినాలు పేటలో పొయ్యి వెలగలేదు. కానీ గంపల్లో రెండు దినాల బాతులున్నాయి, ఇళ్ళలో ఆకలితో పిల్లలున్నారు. నాలుగో నాడు పంపకం పెట్టక తప్పలేదు.

అందరూ ఒడ్డున వరసగా నిలబడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని పారమ్మని కూడా తీసుకొచ్చారు. పేట పెద్ద ముందు తన పేరు చెప్పి తీసుకోవాలి. అతను తీసుకోకుండా ఇంకెవరూ తీసుకోకూడదు. అసిరయ్య నీటి వైపు తిరిగాడు. తన పేరు చెప్పలేదు.

"తౌడమ్మా!" అని పిలిచాడు.

నీరు కదల్లేదు.

"తౌడమ్మా!"

అవతలొడ్డుకి వినపడేలా పిలిచాడు.

"తౌడమ్మా! నా మేనకోడలు తౌడమ్మ! నీట దిగినాది!"

పారమ్మ ఇక పట్టలేకపోయింది. "ఇప్పుడు పిలుస్తున్నావేట్రా తమ్ముడా? రెండేళ్ళు నా బిడ్డ ఇదే ఒడ్డున నీ ముందర నిలబడ్డాది. నోరు తెరిసి నిలబడ్డాది. అప్పుడేటైపోయినాది నీ నోరు?"

"నీటికి భయపడినానప్పా," అన్నాడు అసిరయ్య. "నీల్లు దాన్ని తినేస్తాయని భయపడినాను."

"నీల్లు తిన్నేదురా. మనం తినీసినాం."

పారమ్మ కళ్ళ ముందే తౌడమ్మ వాటా విడిగా పెట్టారు. తర్వాత అసిరయ్య వంతు వచ్చింది. నోరు తెరిచాడు. పేరు రాలేదు. మళ్ళీ తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. యాభయ్యేళ్ళుగా చెప్పుకుంటున్న పేరు, నాలిక దాకా వచ్చి లోపలికే పోయింది. ఏ ఒడ్డున నిలబడి "పేరు సెప్పమ్మా" అన్నాడో, ఆ ఒడ్డునే నోరు పెగలక నిలబడిపోయాడు. అతని వెనక వరస ఆగిపోయింది. పేరు లేకపోతే వాటా లేదు. అతనికి లేకపోతే ఎవరికీ లేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఆకలికి ఏడుస్తోంది.

అందరూ పారమ్మ వైపు చూశారు. ఎందుకు చూశారో వాళ్ళకీ తెలియదు.

పారమ్మ చాలాసేపు తమ్ముణ్ణి చూసింది. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను, మీరు కన్నతల్లులైతే మీకే తెలుస్తుంది. పట్టుకున్న వాళ్ళ చేతులు విదిలించుకుంది. కుంటుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. నీటి వైపు తిరిగింది.

"అసిరయ్య," అంది. "నా తమ్ముడు. నీట దిగినాడు. ఆడి వాటా ఆడికెయ్యండి."

అసిరయ్య అక్క కాళ్ళ మీద పడ్డాడు. ఆమె లేవదియ్యలేదు, తన్నలేదు. అలా నిలబడి ఉంది. అతనే లేచాడు. వెనక ఎండయ్య ఉన్నాడు. ఎండయ్యకీ నోరు రాలేదు. అసిరయ్య అతని భుజం మీద చెయ్యేసి, "ఎండయ్య, నీట దిగినాడు," అని చెప్పాడు. ఎండయ్య తన పక్కవాడి పేరు చెప్పాడు. ఆ పక్కవాడు ఆ పక్కామె పేరు చెప్పాడు. వరస చివరిదాకా ఎవరూ తమ పేరు తాము చెప్పుకోలేదు. తౌడమ్మ వాటా పారమ్మ ఇంటికి తీసుకుపోలేదు. ఆ ఏడు మంచాన పడి నీట దిగలేనివాళ్ళ ఇల్లొకటుంటే, అక్కడికి పంపించమంది.

ఇది జరిగి ఎంత కాలమైందో! ఇప్పుడు బాతుల వేట లేదు. సర్కారువాళ్ళు పట్టకూడదన్నారు, మావాళ్ళూ మానేశారు. అవి ఇప్పటికీ వస్తాయి, దిగుతాయి, పోతాయి. మా వలలు చేపలకే. కానీ చేపల పంపకం నాడు జమ్ముపేట ఒడ్డుకి వచ్చి చూడండి. ముందుగా అందరిలోకీ పెద్ద మనిషి నీటి వైపు తిరిగి "తౌడమ్మా!" అని పిలుస్తాడు. అందరూ "నీట దిగినాది" అంటారు. ఆమె వాటా నీట దిగలేని ఇంటికి పోతుంది. ఆ తర్వాత పక్కవాళ్ళ పేరు పక్కవాళ్ళు పిలుస్తారు. పగ ఉన్నా సరే, మాటలు లేకపోయినా సరే, పక్కన నిలబడితే పేరు పిలవాల్సిందే. పిలవకపోతే వరస కదలదు.

మొన్నీమధ్య పై ఊరి నుంచి ఒక కొత్తల్లుడు వచ్చి వలకి దిగాడు. పంపకంలో తన వంతు రాగానే, పాపం తెలియక, రొమ్ము విరుచుకుని తన పేరు తానే గట్టిగా చెప్పుకున్నాడు. ఒడ్డు మీద ముసలమ్మలందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అతని పక్కన నిలబడ్డ ముసలామె అతని చెయ్యి పట్టుకుంది.

"అదేటి బాబూ," అంది, "నీ పేరు పిలవడానికి నీకెవులూ నేరా? నానున్నాను గదా. ఏటన్నావు, మళ్ళీ సెప్పు నాకు."

అతను ఆమె చెవిలో చెప్పాడు. ఆమె నీటి వైపు తిరిగి పిలిచింది.